బీఏ అప్పు ఎక్కడ పుడుతుంది?

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో బీఏ హెచ్‌ఈపీ చదివిన కుర్రాణ్ని ఆపి, డిగ్రీకి ఎంత అప్పయిందని అడిగితే నవ్వుతాడు. సర్కారీ కాలేజీలో చదివినవాడికి ఫీజు వేలల్లోనే ఉంటుంది. చాలామందికి అదీ రీయింబర్స్‌మెంట్‌లో పోతుంది. డిగ్రీ అయ్యాక ఎంతయిందని అడిగితే మాత్రం నవ్వు ఆగిపోతుంది. పోటీ పరీక్షల కోచింగ్ ఫీజు, హాస్టల్ కిరాయి, స్టడీ హాల్‌లో కుర్చీకి నెలనెలా కట్టేది, టెస్ట్ సిరీస్, ఏటా మారే మెటీరియల్... ఇవేవీ ఏ బ్యాంకు పుస్తకంలోనూ విద్యారుణం కింద కనిపించవు.

సోషల్ సైన్సెస్ చదివితే ఏమొస్తుందన్న ప్రశ్న మన ఇళ్లలో ఇంటర్ గ్రూపు ఎంచుకునే రోజునే తేలిపోతుంది. ఎంపీసీ, బైపీసీ దొరకని వాళ్లకే హెచ్‌ఈసీ అనుకుంటారు. అమెరికాలో ఇదే ప్రశ్నకు ప్రభుత్వం అంకెలతో జవాబు చెబుతోంది. ‘కాలేజ్ స్కోర్‌కార్డ్’ వెబ్‌సైట్ 2019 నుంచి ఏ కాలేజీలో ఏ కోర్సు చదివినవాళ్లకు ఎంత అప్పుందో, ఎంత సంపాదిస్తున్నారో చూపిస్తోంది. ఆ సంపాదన కాలేజీలు చెప్పుకున్నది కాదు, పన్ను రికార్డుల్లోంచి తీసింది.

ఆ లెక్కలు బయటికొచ్చాకే కొన్ని పెద్ద పేర్ల గుట్టు తెలిసింది. యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో సోషల్ వర్క్ మాస్టర్స్ సంగతి 2021లో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. ఫెడరల్ రుణం తీసుకుని ఆ కోర్సు చేసినవాళ్ల మధ్యస్థ అప్పు 1,12,000 డాలర్లు. రెండేళ్ల తర్వాత వాళ్లలో సగం మంది ఏడాది సంపాదన 52,000 డాలర్లకు మించలేదు. సోషల్ వర్కర్లు సమాజానికి అక్కర్లేదని దీనికి అర్థం కాదు. ఆ ఉద్యోగం ఇవ్వగలిగే జీతానికీ, ఆ చదువుకు పెట్టిన ధరకూ పొంతన లేదు. తప్పు ధరలో ఉంది.

పైగా సోషల్ సైన్సెస్ అంతా ఒకే గంప కాదు. ఎకనామిక్స్ చదివినవాడి తొలి జీతానికీ, సోషియాలజీ చదివినవాడి జీతానికీ అమెరికాలో చాలా తేడా. అలాగని ఉద్యోగం దొరకనిది ఆర్ట్స్ వాళ్లకేనా అంటే అదీ కాదు. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ 2025లో విడుదల చేసిన లెక్కల్లో, కొత్త పట్టభద్రుల నిరుద్యోగం ఆంత్రపాలజీలో 9.4 శాతం, కంప్యూటర్ ఇంజినీరింగ్‌లో 7.5 శాతం, కంప్యూటర్ సైన్స్‌లో 6.1 శాతం, కళాచరిత్రలో 3 శాతం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలు పొలిటికల్ సైన్స్ తీసుకుంటామంటే గుండెలు బాదుకునే తెలుగు తల్లిదండ్రులు ఈ వరుసను ఓసారి చూడటం మంచిది. అయితే ఇది ఉద్యోగం దొరకడం గురించిన లెక్క మాత్రమే. కంప్యూటర్ చదువుల జీతం ఇప్పటికీ బాగా ఎక్కువే.

అమెరికా ప్రభుత్వం తెచ్చిన కొలతల్లో ఒకటి మనకూ పనికొస్తుంది. లాభాపేక్షతో నడిచే కాలేజీలకు, సర్టిఫికెట్ కోర్సులకు 2014లో పెట్టి, 2019లో ఎత్తేసి, 2023లో మళ్లీ తెచ్చిన నిబంధన అది. ఏడాదిలో కట్టే అప్పు వాయిదాలు చదివినవాళ్ల ఆదాయంలో 8 శాతానికి లోబడి ఉండాలి, లేదంటే కనీసావసరాలు పోగా మిగిలినదాంట్లో 20 శాతానికి. 2025 జులై 4న సంతకమైన కొత్త చట్టం మాత్రం అప్పును పక్కనపెట్టి, డిగ్రీ చదివినవాళ్లు హైస్కూలుతో ఆపేసినవాళ్ల కన్నా ఎక్కువ సంపాదిస్తున్నారా లేదా అన్నదే చూస్తుంది. ఇది సగం లెక్క. ఎంత వచ్చిందో చూసి, ఎంత పోయిందో చూడకపోతే ఆ ఖాతా ఎప్పటికీ తేలదు.

ఆ 8 శాతాన్ని మన దగ్గర పెట్టి చూద్దాం. హర్యానాలోని సోనీపత్‌లో ఉన్న అశోకా విశ్వవిద్యాలయంలో ఆర్థిక సాయం దొరకని విద్యార్థికి హాస్టల్‌తో కలిపి ఏడాదికి పది లక్షలు దాటుతుంది. నాలుగేళ్లకు 40 లక్షలు అనుకుందాం. అంతా 10 శాతం వడ్డీకి, 15 ఏళ్ల గడువుకు తీసుకుంటే నెల వాయిదా దాదాపు 43 వేలు. అది ఆదాయంలో 8 శాతం కావాలంటే నెలకు 5.37 లక్షల జీతం ఉండాలి. బీఏ తర్వాత మొదటి ఉద్యోగంలో అంత ఇచ్చేవాళ్లను వెతకడం వృథా ప్రయాస. ఆస్తి ఉన్న కుటుంబం ఆ చదువు కొనుక్కోవచ్చు, సాయం దొరికినవాళ్లు సంతోషంగా చేరొచ్చు. ఇల్లు తాకట్టు పెట్టి చేరడానికి మాత్రం అది తగదు. సోషల్ సైన్సెస్‌లో ఎంఏకి గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఏడాది ఫీజు, అశోకాలో ఒక నెల ఖర్చు కన్నా తక్కువ.

చవకగా ఉన్న చోట కూడా ఆ చవక ఎవరి దయ మీద నిలబడిందో చూసుకోవాలి. 2018 ఫిబ్రవరిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ విద్యార్థులు ముంబయి, హైదరాబాద్, తుల్జాపూర్, గువాహటి క్యాంపస్‌లలో తరగతులు బహిష్కరించారు. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మీద ఆధారపడిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు సంస్థ అప్పటిదాకా ఇచ్చిన ఫీజు వెసులుబాటు తీసేయడమే కారణం.

ఇక అశోక్‌నగర్‌కు వద్దాం. అశోకాలో లక్షలు పోసి చదివే పాలిటీ, ఎకానమీ, చరిత్రలనే ఇక్కడ అద్దె గదుల్లో, లక్ష్మీకాంత్ రాసిన పాలిటీ పుస్తకం ముందేసుకుని, బీటెక్ చదివినవాళ్లతో పోటీపడి చదువుతారు. సర్కారు ఉద్యోగంలో ఆశపడేంత సంపాదన ఉన్నమాట నిజమే. తెలంగాణ 2020 పీఆర్సీ స్కేళ్లలో డిప్యూటీ కలెక్టర్ మూలవేతనం 58,850 దగ్గర మొదలవుతుంది. బీఏ మీద బీఈడీ చేసి సోషల్ స్కూల్ అసిస్టెంట్ అయితే 42,300. అసలు ఖర్చు ఎదురుచూపులో ఉంది. తెలంగాణలో టీచర్ల నియామకానికి 2017 తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ 2024లోనే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత 2025లో.

తెలంగాణ గ్రూప్-1 కథ మరీ విచిత్రం. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన ప్రిలిమ్స్‌ను హైకోర్టు కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడో ప్రిలిమ్స్. కేసులు నడుస్తుండగానే 2025 సెప్టెంబరులో నియామక పత్రాలు ఇచ్చారు. మొత్తం 41 నెలలు. ఈ కాలమంతా గదిలో ఉండి చదవడానికి ఊళ్లో తండ్రి రెండు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుంటే నెలకు నాలుగు వేల చొప్పున వడ్డీయే 1,64,000 అయింది. బ్యాంకు విద్యారుణానికి 10, 11 శాతం ఉంటే ఇది 24 శాతం. ఉద్యోగం రానివాడికి అసలు అలాగే ఉంది, వయసు మాత్రం పోయింది. ఆడపిల్లకైతే గడువు ఇంకా తక్కువ. రెండు నోటిఫికేషన్లు దాటితే ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెడతారు.

ప్రభుత్వాల రుణ పథకాలు ఈ కోచింగ్ అప్పు వైపు చూడవు, డిగ్రీ అప్పులోనూ ఆర్ట్స్ వాళ్లను వెనకే ఉంచుతాయి. 2009లో వచ్చిన కేంద్ర వడ్డీ రాయితీ పథకం సాంకేతిక, వృత్తి విద్యా కోర్సులకే పరిమితం. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో, కుటుంబాదాయం 8 లక్షల లోపున్న విద్యార్థులకు 10 లక్షల దాకా రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఏటా లక్షమందికే ఇచ్చే ఆ రాయితీలో కూడా ప్రాధాన్యం ప్రభుత్వ సంస్థల్లో సాంకేతిక, వృత్తి విద్య చదివేవాళ్లకే. ఉన్నత విద్య సర్వే ప్రకారం 2021-22లో దేశంలో డిగ్రీ స్థాయి విద్యార్థుల్లో 34.2 శాతం మంది ఆర్ట్స్‌లో ఉన్నారు, ఇంజినీరింగ్, టెక్నాలజీలో 11.8 శాతం. మూడో వంతు పిల్లలకు వరుసలో చివరి చోటు ఇవ్వడాన్ని ఏమనాలి?

మన దగ్గర సంపాదన లెక్క కూడా లేదు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు మధ్యస్థ జీతం చూపిస్తాయి కానీ, ఆ అంకె వాళ్లే ఇచ్చుకున్నది, అదీ ప్లేస్‌మెంట్ వచ్చినవాళ్లది. వంద మందిలో పది మందికి ఉద్యోగం వస్తే ఆ పది మంది జీతమే కాలేజీ జీతంగా కనిపిస్తుంది. మిగిలిన తొంభై మంది అశోక్‌నగర్‌లో ఉన్నారో, పెట్రోలు బంకులో ఉన్నారో ఎవరికీ పట్టదు. విద్యార్థికి ఆధార్ ఉంది, సంపాదించేవాడికి పాన్, పీఎఫ్ నంబర్లు ఉన్నాయి. పేర్లు తీసేసి, కోర్సు వారీగా, మూడేళ్ల తర్వాత, ఆరేళ్ల తర్వాత మధ్యస్థ ఆదాయం ఎంతో కలిపి చూపడం సాంకేతికంగా పెద్ద పని కాదు.

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి ‘దోస్త్’ ద్వారా జరుగుతున్నాయి. ఆ తొలి బ్యాచ్ 2019లో బయటికొచ్చింది. వాళ్లలో బీఏ చదివినవాళ్లు ఇప్పుడు ఎంత సంపాదిస్తున్నారో, ఎందరు ఇంకా చదువుతూనే ఉన్నారో ఉన్నత విద్యామండలి లెక్క తీయాలి. వచ్చే ఏడాది వెబ్ ఆప్షన్లు పెట్టుకునే పిల్లలకు కాలేజీ పేరు పక్కనే ఆ అంకె కనిపించాలి.