బెత్తం పక్కన పెట్టాకే దయను గూర్చిన పాఠం

మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తిస్తుందా అన్న ప్రశ్న మళ్లీ చర్చకు వచ్చింది. 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, ఎయిడెడ్ అయినా అన్ఎయిడెడ్ అయినా మైనారిటీ పాఠశాలలకు ఆ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వ్యక్తం చేసి, విస్తృత ధర్మాసనం పరిశీలన కోసం విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. ఈ విషయమై క్రైస్తవ విద్యాసంస్థల పెద్దలు మాట్లాడేటప్పుడు చర్చంతా 25 శాతం సీట్లు, టెట్ పరీక్ష చుట్టూనే తిరుగుతుంది. అదే చట్టంలోని 17వ సెక్షన్ గురించి మాట్లాడేవారు తక్కువ. విద్యార్థిని శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించే సెక్షన్ అది.

న్యాయస్థానం చివరికి ఏమి చెప్పినా మా మనవి ఒక్కటే. రాజ్యాంగంలోని 30వ అధికరణం మన పాఠశాలలను మనమే నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. బెత్తం పట్టుకునే హక్కు ఇవ్వలేదు. పైగా 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, తన సంరక్షణలో ఉన్న బిడ్డ పట్ల క్రూరంగా ప్రవర్తించడం నేరం. అయినా చట్టం భయపెట్టేదాకా ఆగవలసిన అవసరం మనకేమిటి? ఈ విషయంలో అందరికంటే ముందు నడవవలసినది క్రైస్తవ పాఠశాలే కదా!

పిల్లలకు మంచి గుణాలు నేర్పాలన్న మాట ఇప్పుడు ప్రభుత్వాల నోట కూడా తరచుగా వినిపిస్తోంది. 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం 2022లో విడుదలైన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, తమ భావోద్వేగాలను గుర్తించి అదుపు చేసుకోగలగడాన్ని నేర్చుకోవలసిన లక్ష్యాల్లో ఒకటిగా చేర్చింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా చాగంటి కోటేశ్వరరావు గారిని క్యాబినెట్ హోదాతో నియమించింది. విలువలు ఎవరు బోధించాలి, ఏ గ్రంథం నుంచి బోధించాలి అనే వాదన ఎప్పుడూ ఉండేదే. మేము ఇక్కడ ఎత్తుతున్న ప్రశ్న అంతకంటే ముందుది. ఆరేడేళ్ల బిడ్డ దయను, నిగ్రహాన్ని అసలు ఎలా నేర్చుకుంటాడు?

ఇది చిన్న విషయం కాదు. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్ పట్టణంలో 1972-73లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లలను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. చిన్నతనంలో నిగ్రహం ఎక్కువగా ఉన్నవారు 32 ఏళ్ల వయసుకు ఆరోగ్యంలోనూ, ఆర్థిక స్థితిలోనూ మెరుగ్గా ఉన్నారని, నేరాల జోలికి తక్కువగా వెళ్లారని 2011లో ప్రకటించారు. తెలివితేటలను, కుటుంబ స్థితిని లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా కనిపించింది.

మరి ఆ నిగ్రహం ఎక్కడి నుంచి వస్తుంది? అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో జరిగి, 2013లో అచ్చయిన ఒక చిన్న ప్రయోగాన్ని ప్రతి తల్లీ తండ్రీ, ప్రతి టీచరూ తెలుసుకోవాలి. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 28 మందిని తీసుకున్నారు. బొమ్మలు వేసుకోవడానికి ఇంతకంటే మంచి రంగులు తెస్తామని అందరికీ మాట ఇచ్చారు. సగం మందికి తెచ్చి ఇచ్చారు. మిగతా సగం మందికి, లేవని చెప్పి ఊరుకున్నారు. ఆ తర్వాత ప్రతి బిడ్డ ముందూ ఒక మిఠాయి పెట్టి, 15 నిమిషాలు తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారు. పెద్దవాళ్లు మాట నిలబెట్టుకోగా చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పగా చూసినవాళ్లు 3 నిమిషాలే ఆగారు.

ఆగలేకపోయిన పిల్లలు చెడ్డవాళ్లు కారు. పెద్దల మాట నమ్మడానికి వారికి కారణం దొరకలేదు, అంతే. ప్రయోగం చిన్నదే అయినా మనకు ఒక సంగతి స్పష్టంగా చూపిస్తోంది. చిన్నవాడి నిగ్రహం పెద్దవాడి నమ్మకత్వాన్ని ఆనుకుని ఉంటుంది. ఈ రోజు నవ్వి వదిలేసిన తప్పుకే రేపు చెంప మీద కొట్టే టీచరు దగ్గర బిడ్డ నేర్చుకునేది నిగ్రహం కాదు, టీచరు ముఖం చూసి జాగ్రత్తపడటం. టీచరు గది దాటగానే ఆ జాగ్రత్త కూడా పోతుంది. కోపం వచ్చినప్పుడు చెయ్యి ఎత్తవచ్చునన్న పాఠం మాత్రం మిగులుతుంది. మధ్యాహ్నం ఆటస్థలంలో తనకంటే చిన్నవాడి మీద ఆ పాఠాన్నే అమలు చేస్తాడు.

ఇక్కడ కొందరు సామెతలు 13:24 ఎత్తి చూపుతారు. ఆ వచనాన్ని తేలికగా తీసివేయడం మా ఉద్దేశం కాదు. అది ఆనాటి ఇంటి శిక్షను గురించే మాట్లాడుతోంది. అయితే అది మాట్లాడుతున్నది కొడుకును ప్రేమించే తండ్రితో. ఆ మాట బరువంతా ప్రేమ మీద, వేళకు చేసే దిద్దుబాటు మీద ఉంది. నలభై మంది పిల్లల మధ్య సహనం కోల్పోయిన టీచరు చేతికి బెత్తం అందించడానికి రాసిన మాట కాదది. అక్కడ బెత్తానికి వాడిన ‘షేబెట్’ అనే హెబ్రీ మాటే 23వ కీర్తనలో కాపరి చేతి కర్రకూ వాడారు. ఆ కర్రను చూసి గొర్రె భయపడదు, ధైర్యం తెచ్చుకుంటుంది. ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయంలో పౌలు తండ్రులను హెచ్చరించింది కూడా బిడ్డలకు కోపం రేపవద్దనే. గలతీ పత్రిక 5వ అధ్యాయంలో దయాళుత్వము, ఆశానిగ్రహము ఒకే ఆత్మ ఫలంలో భాగాలు. ఫలం చెట్టుకు కాస్తుంది. కొట్టి కాయించగలిగేది కాదు.

టీచర్ల కష్టం మాకు తెలియనిది కాదు. కిక్కిరిసిన గది, పూర్తి చేయవలసిన సిలబస్, చాలీచాలని జీతం. వీటికి తోడు, “నాలుగు తగిలించండి టీచర్, మాట వింటాడు” అని చెప్పి వెళ్లే తల్లిదండ్రులు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత కూడా సిద్ధంగా ఉంటుంది. కానీ మొక్కను వంచాలనుకున్నవాడు దాన్ని విరిచేయడు కదా. బెత్తం తీసేసి టీచరును ఉత్త చేతులతో నిలబెట్టడమూ న్యాయం కాదు. దాని స్థానంలో ఏమి చేయాలో యాజమాన్యమే నేర్పించాలి.

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. బిడ్డ కోపంతో ఊగిపోతున్నప్పుడు ఉపదేశం చెవికెక్కదు. ముందు పక్కన కూర్చోబెట్టి, నెమ్మదిగా ఊపిరి తీసుకోనిచ్చి, “నీకు కోపం వచ్చిందా, బాధేసిందా, చెప్పు నాన్నా” అని అడగాలి. లోపలున్న దానికి పేరు పెట్టగలిగిన బిడ్డ దాన్ని అదుపు చేయడం మొదలుపెడతాడు. బలవంతంగా పలికించే ‘సారీ’ కంటే, చింపిన పుస్తకానికి అట్ట వేయించడం, పడగొట్టిన పిల్లవాడిని లేపి నీళ్లు తెచ్చి ఇప్పించడం మేలు. స్టాచ్యూ ఆట, దాగుడుమూతలు కూడా నిగ్రహానికి సాధనలే. తొంగి చూడాలని ఉన్నా కళ్లు మూసుకుని లెక్కపెట్టడం చిన్నవాడికి తక్కువ పనేమీ కాదు. అన్నిటికంటే ముఖ్యం, టీచరు బిడ్డకిచ్చిన మాట నిలబెట్టుకోవడం. శుక్రవారం కథ చెబుతానంటే శుక్రవారం చెప్పాలి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో బిడ్డకు చెప్పాలి.

సంఘాలు నడిపే పాఠశాలల యాజమాన్యాలకు మా విన్నపం ఇది. కోర్టు తీర్పు కోసం ఎదురుచూడకండి. మా ప్రాంగణంలో ఏ బిడ్డనూ కొట్టరు, తిట్టి అవమానపరచరు అని తీర్మానం రాసి, తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించండి. అతిక్రమిస్తే బిడ్డ ఎవరికి చెప్పుకోవాలో, వారి పేరుతో సహా గోడ మీద రాయండి. హాస్టళ్లకూ ఇదే నియమం పెట్టండి. సండే స్కూల్, విబిఎస్ బాధ్యతలు అప్పగించేటప్పుడు పాటలు, కథలు వచ్చా అని అడిగినట్టే, అల్లరి చేసే బిడ్డతో ఎలా మాట్లాడతారని కూడా అడగండి.

తన దగ్గరికి పిల్లలను తెచ్చినవారిని శిష్యులు గద్దించినప్పుడు ప్రభువు కోపపడ్డాడని మార్కు సువార్త 10వ అధ్యాయం చెబుతోంది. ఆ కోపం పిల్లల మీద కాదు, వారిని అడ్డుకున్న పెద్దల మీద. పిల్లలను ఆయన ఎత్తి కౌగిలించుకుని, వారి మీద చేతులుంచి ఆశీర్వదించాడు. ఆయన పేరు పెట్టుకున్న పాఠశాలలో పెద్దల చెయ్యి బిడ్డ తల మీదికి వెళ్తే, అది ఆశీర్వదించడానికే వెళ్లాలి.