భూగర్భజలపు లెక్కలు – మన బావుల కొలతలు

కోనసీమ తీరగ్రామములలో మంచినీరు ఉప్పునీటిపై తేలుచున్నది. ఉప్పునీరు బరువైనది గనుక క్రింద నుండును. వానలవలనను కాలువలవలనను ఇంకిన తియ్యనినీరు దానిపై పొరగా నిలుచును. బావిలో నీటిమట్టము సముద్రమట్టముకంటె ఒక అడుగు ఎత్తున నున్నచో, సముద్రమట్టమునకు దిగువ సుమారు 40 అడుగుల వరకు మంచినీరుండునని శాస్త్రజ్ఞుల లెక్క. ఆ ఒక్క అడుగును తోడివేసినచో, క్రిందినుండి ఉప్పునీరు కాలక్రమమున ఆ 40 అడుగులును ఎగబ్రాకును. రేయింబవళ్ళు బోర్లు నడపువారు ఈ సంగతి తలపోయవలెను.

నేలలో నీరు ఎటు, ఎంత వేగమున పోవుచున్నదో కంటికి గానరాదు. 1856లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు డార్సీ ఇసుకగుండ నీటిని పంపి, మట్టముల తేడా హెచ్చినకొలది ప్రవాహము హెచ్చుననియు, దూరము హెచ్చినకొలది తగ్గుననియు ప్రకటించెను. నేటివారు ఆ సూత్రమునే పట్టుకొని, భూమిని మళ్ళవలె వేలకొలది గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలోనికి వచ్చునదెంత, పోవునదెంత, మిగులునదెంత యని కంప్యూటరుపై లెక్కింతురు. మడినుండి మడికి నీరు పారించు రైతునకు ఇది క్రొత్తవిద్య కాదు. అమెరికా ప్రభుత్వపు భూగర్భ పరిశోధనశాఖ 1984లో వెలువరించిన మోడ్‌ఫ్లో అను ఇట్టి లెక్కలపద్ధతి నేడు ఎల్లరకును ఉచితముగా లభించును.

మన కాళ్ళక్రింద మిక్కిలి లోతున నున్న సహజవాయువునకును ఇట్టి లెక్కలే కట్టుదురు. ఆ లోతునందలి ఒత్తిడి యెట్టిదో, 1995 జనవరి 8న ఎగసి 65 దినములు మండిన పాశర్లపూడి బావి మనకు చూపినది. వాయువు తీయువారు తమ బావుల ఒత్తిడిని కొలిచి వ్రాసికొందురు. మనమో, మన నీటిబావిలోనికి కొలత త్రాడైనను విడువము.

లెక్కలన్నియు ప్రభుత్వశాఖలే చూచుకొనునని మిన్నకుండుట తగదని నా అభిప్రాయము. కొలిచిన బావి లేనిచోట ఆ గళ్ళను ఊహతో నింపవలసినదే. అట్టి లెక్కనుబట్టి ఎచట రొయ్యలచెరువు త్రవ్వవచ్చునో, ఎచట కూడదో నిర్ణయించినచో, నష్టపడునది ప్రక్కనున్న వరిచేను, కొబ్బరితోట.

కావున మన సంఘము గ్రామమునకు రెండేసి బావులను ఎంచి, నెలకొకమారు నీటిలోతును, ఉప్పదనమును కొలిచి పుస్తకమున వ్రాయించవలెను. త్రాడు, పుస్తకము, ఉప్పదనము చూపు చిన్నసాధనము; వ్యయము స్వల్పమే. ఉప్పుమాట వెల్లడియైనచో భూముల ధర పడునని కొందరు జంకుచున్నారు. వ్రాయనంతమాత్రమున ఉప్పు ఆగునా? బావి ఒరయెత్తు సముద్రమట్టమునకు ఎంతయో సర్వేయరుచే ఒకసారి తేల్చుకొనవలెను. అది లేని కొలతలు ఈ లెక్కకు పనికిరావు. వేసవిలో కాలువలు కట్టుటకు పూర్వమే మొదటి కొలత పూర్తికావలెను గనుక, రాబోవు సర్వసభ్యసమావేశమున ఈ తీర్మానము పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాను.