అద్దాల తొట్టికి అందమేది?

రంగురాళ్లు, బొమ్మకోటలు, పదిరకాల చేపలు నింపినంతనే అద్దాల తొట్టి అందమగునా? జపాను దేశీయుడగు తకాషి అమానో (1954–2015) రాయి, కొయ్య, మొక్కలకే పెద్దపీట వేసి, తొట్టిలో ప్రకృతిని నిలిపెను.

చేప విసర్జించు అమోనియా విషము. సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మార్చును. నైట్రేటును మొక్కలు గ్రహించును. ఈ చక్రము కుదురుకొనుటకు కొన్ని వారములు పట్టును. ఆలోగా తొట్టి నింపినచో మన కంటికి విందు, చేపకు మృత్యువు.

మూసీ పుట్టిన అనంతగిరికి చేరువనున్న నవాబుపేట బాలలకు చెరువే తొలి పాఠము. అచ్చట నాచు, నీడ, చేప దేని చోటున అది యుండును. ఉపాధ్యాయుడు తొట్టికి మార్కులు వేయవలసివచ్చినచో మెరుపును గాక, చేప నిశ్చింతగా ఈదుచున్నదా యని చూడవలెను. ప్రాణి సుఖింపని చోట సొగసు వట్టి అలంకారమే.