రాచపుండు - అడ్డపొగ

మనదేశమున 2022 వ సంవత్సరమున సుమారు 14 లక్షలమంది క్రొత్తగా రాచపుండు బారి పడిరనియు, 9 లక్షలకు పైగా జనులు దానివలన మరణించిరనియు అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసినది. ఇన్ని ప్రాణములను గొనుచున్న యీ వ్యాధిని గూర్చి చదువుకొన్న గృహస్థులలో సైతము రెండు భ్రమలు ప్రబలియున్నవి. దేహమున నే గడ్డ కనబడినను రాచపుండే యని బెంబేలు పడువారు కొందఱు. నొప్పి లేని గడ్డ వలన భయము లేదని యుపేక్షించువారు మఱికొందఱు. మొదటి భ్రమ మనశ్శాంతిని హరించును. రెండవది ప్రాణమునే హరించును.

కణితి యన నేమి? మన శరీరమందలి కణములు అవసరము మేరకే వృద్ధి పొందును. ఈ కట్టుబాటును మీఱి కొన్ని కణములు తమంత తాము పెరుగజొచ్చినచో నేర్పడు ముద్దయే కణితి. ఇందు రెండు తెగలు గలవు. సాధు కణితి పుట్టినచోటనే మెల్లగా పెరుగును. ప్రక్క భాగములలో జొరబడదు. పూర్తిగా కోసి తీసినచో సాధారణముగా మరల రాదు. చర్మము క్రింద కదలాడు క్రొవ్వుగడ్డ యిట్టిది. దుష్ట కణితి యట్లు గాదు. అది చుట్టుపట్లకు వేళ్లు పాఱించి, రక్తము వెంటను రసనాళముల వెంటను ఊపిరితిత్తులకో కాలేయమునకో యెముకలకో ప్రాకి, అచ్చట క్రొత్త స్థావరము లేర్పఱచుకొనును. ఇదియే రాచపుండు. అయినను సాధు కణితి సైతము మెదడు వంటి యిరుకు తావున పుట్టినచో ప్రాణాపాయము గలిగింపగలదు.

ఈ వివేచనకు మనదేశమున ప్రాచీన మూలములు గలవు. సుశ్రుత సంహిత గ్రంథిని, అర్బుదమును వేఱువేఱుగా వర్ణించి, ఒక అర్బుదముపై పుట్టు మఱియొకదానికి అధ్యర్బుదమని పేరిడినది. నేటి వైద్యులు మూడు విధముల విభజింతురు. మొదటిది పుట్టిన తావును బట్టి: చర్మము, నోరు, స్తనము, జీర్ణకోశము మున్నగువాని పైపొరలలోను గ్రంథులలోను పుట్టునది కార్సినోమా, ఎముకలు, కండరములు, క్రొవ్వులలో పుట్టునది సార్కోమా, రక్తమును బుట్టించు మజ్జలో జనించునది లుకేమియా, రసగ్రంథులకు సంబంధించినది లింఫోమా. రెండవది, సూక్ష్మదర్శినిలో ఆ కణములు సహజరూపమునకు ఎంత దూరమైనవో చూచుట. మూడవది దశ: కణితి పరిమాణము, చేరువ గ్రంథులకు ప్రాకుట, దూరావయవములకు ప్రాకుట యను మూటిని గమనించి నాలుగు దశలుగా నిర్ణయింతురు. చికిత్స ఫలించునా లేదా యనుట చాలవఱకు ఈ దశపై ఆధారపడును. ముక్క పరీక్ష చేయనిదే ఈ నిర్ణయము సాధారణముగా సాధ్యము కాదు. కత్తి తగిలిన వ్యాధి ప్రాకునను భయముచే ఆ పరీక్షను మానుట ఆత్మహాని.

ఆంధ్రులకు ప్రత్యేకముగా సిగ్గు గలిగింపవలసిన విషయ మొకటి కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణ ప్రాంతపు తీరగ్రామములలో చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చు అలవాటు చిరకాలముగా నున్నది. దీనినే అడ్డపొగ యందురు. స్త్రీలలో నిది యధికము. ఆ వేడిమికిని పొగకును అంగిలి తెల్లబాఱి, ఎఱ్ఱని చుక్కలు దేలి, కొందఱికి తుదకు మానని పుండగును. ఇతరదేశములలో అరుదైన అంగిలి రాచపుండు ఈ సీమలో విరివిగా గనబడుటకు ఇదియే కారణమని వైద్యులు దశాబ్దములుగా ఘోషించుచునే యున్నారు.

పొగాకు నెల్లవిధములను పైని జెప్పిన సంస్థ నిశ్చితమైన కారణముల పట్టికలో జేర్చినది. 2003 లో వక్కను సైతము, పొగాకు కలియకున్నను, అదే పట్టికలో జేర్చినది. తాంబూలము మనకు మర్యాద. నిత్యము నమలుట మర్యాద కాదు. పొగాకు గుంటూరు, ప్రకాశము మండలముల రైతులకు జీవనాధారమగుట మేమెఱుగుదుము. దాని వ్యాపారమునకై 1976 లో ప్రత్యేక బోర్డు నేర్పఱచిన ప్రభుత్వము, ఆ యాకు వలన వచ్చు పన్నులో తగు భాగమును రోగనిర్ణయమునకును, ప్రత్యామ్నాయపు పైరులకును వెచ్చించుట న్యాయము.

భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధకబృందము సృష్టించిన అమినోప్టెరినును బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు లుకేమియా సోకిన శిశువులకిచ్చి, తాత్కాలికముగానైనను వ్యాధి యణగుటను 1948 లో లోకమునకు వెల్లడించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. అట్టి యౌషధమును లోకమునకిచ్చిన ఆంధ్రదేశముననే, నోరు తెఱచి చూపిన దొరకు పుండు చూచువారు లేక ముదురుట తగునా?

రెండు మూడు వారములలో మానని నోటిపుండు, స్తనమున గడ్డ, ముట్లుడిగిన పిమ్మట రక్తస్రావము - వీనిలో నేది కనబడినను నాటువైద్యముతో కాలము పుచ్చరాదు. ముప్పది యేండ్లు నిండినవారికి నోరు, స్తనము, గర్భాశయ ముఖము పరీక్షించు జాతీయ కార్యక్రమము కలదు. గర్భాశయ ముఖపు రాచపుండును చాలవఱకు నివారింపగల టీకాయు బాలికలకు లభించుచున్నది. గ్రామమందలి భూస్వాములు తమ కమతముల కూలిస్త్రీలను ఒక్కదినము కూలి కోయక పరీక్షకు బంపుదురు గాక. పట్టణవాసులు తమ యింటి స్త్రీల బిడియమును పోగొట్టుదురు గాక. మొదటిదశలో కోసివేయదగిన దానిని నాల్గవదశ వఱకు దాచుకొనుట విధివ్రాత గాదు, మన యుపేక్షయే.