బాల్కనీలోంచి డ్రోన్: రీల్‌కి సరే, రెజ్యూమెకి?

కొత్తగా డ్రోన్ చేతికొచ్చినవాళ్లకి మొదట కనిపించే మైదానం బాల్కనీ. గ్రౌండ్‌కి వెళ్లాలంటే బండి తియ్యాలి, ఎండలో నిలబడాలి, చుట్టూ మూగే పిల్లల్ని అదిలించాలి. బాల్కనీ అయితే హాల్లోంచి నాలుగడుగులు. తొమ్మిదో అంతస్తు నుంచి రయ్యిమని బయటికెళ్లి, కాలనీ అంతా చుట్టేసి, తిరిగొచ్చి అరచేతిలో వాలే డ్రోన్ వీడియో ముప్పై సెకన్లలో అయిపోతుంది. లైకులూ బాగానే వస్తాయి. ఆ క్లిప్పునే డ్రోన్ పైలట్ ఉద్యోగానికి పంపే దరఖాస్తుకి జత చేద్దామని అనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగండి. చూసే మనిషికి ఈ పని తెలిసుంటే, మీ చెయ్యి ఎంత తిరిగిందో తర్వాత చూస్తారు. ఎగరెయ్యడానికి మీరు ఏ చోటు ఎంచుకున్నారో ముందు చూస్తారు.

మా మాట సూటిగా చెప్తాం. బాల్కనీలోంచి డ్రోన్ ఎగరెయ్యకండి. ‘రూల్స్ ఒప్పుకోవు’ అన్న ఒక్క కారణమే అయితే ఇంత రాయక్కర్లేదు. గాల్లో నిలబడటానికి డ్రోన్ ఏయే సెన్సర్ల మీద ఆధారపడుతుందో, వాటన్నిటినీ ఒకేసారి గందరగోళంలో పడేసే చోటు బాల్కనీ. ఎందుకో అర్థమైతే ఇంటర్వ్యూకి సగం చదివినట్టే.

జీపీఎస్‌తో మొదలుపెడదాం. డ్రోన్ గాల్లో కదలకుండా నిలబడాలంటే ఆకాశంలో నలుమూలలా ఉన్న ఉపగ్రహాల సంకేతాలు దానికి అందాలి. బాల్కనీలో నెత్తిన పైఅంతస్తు శ్లాబ్, వెనక గోడ, పక్కన ఇంకో గోడ. ఆకాశం సగం కూడా కనిపించదు. అందే సంకేతాల్లో కొన్ని ఎదురు బిల్డింగ్‌కి తగిలి చుట్టు తిరిగి వచ్చినవి. ఇలాంటి చోట లేచిన డ్రోన్ తన ‘హోమ్ పాయింట్’ని ఎక్కడ గుర్తుపెట్టుకుంటుంది? చాలా కెమెరా డ్రోన్లు జీపీఎస్ బలంగా అందాకే ఆ పని చేస్తాయి. అంటే రెయిలింగ్ దాటి బయటికి వచ్చాక. అప్పుడు దాని లెక్కలో ఇల్లంటే మీ బాల్కనీ కాదు, పార్కింగ్ మీద గాల్లో ఎక్కడో ఓ చుక్క. ‘రిటర్న్ టు హోమ్’ నొక్కితే బుద్ధిగా అక్కడికే వచ్చి, అక్కడే కిందికి దిగడం మొదలుపెడుతుంది. ఆ కింద సైకిల్ తొక్కుతున్న పిల్లలుంటే, ఆ సంగతి దానికి తెలియదు.

హోమ్ పాయింట్ సరిగ్గానే పడిందనుకోండి. జీపీఎస్‌లో ఒకటి రెండు మీటర్ల తేడా మామూలే. మైదానంలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. నాలుగడుగుల వెడల్పున్న బాల్కనీలో రెండు మీటర్లంటే రెయిలింగ్‌కి అవతలే. దిగేచోటుని కెమెరాతో గుర్తుపట్టి కచ్చితంగా వాలే డ్రోన్లు ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి. కాకపోతే అవి లేచేటప్పుడు కొన్ని మీటర్లు నిటారుగా పైకెళ్లి, కింది చోటుని ఫొటో తీసి పెట్టుకోవాలి. నెత్తిన శ్లాబ్ ఉంటే నిటారుగా ఎక్కడికి పోతుంది?

రెయిలింగ్ దాటే క్షణం ఇంకో తమాషా. అంతవరకు అడుగున ఉన్న సెన్సర్‌కి నేల ఒక మీటర్ దూరంలో ఉంది. మరుక్షణం ముప్పై మీటర్ల లోతు. టైల్స్ గళ్లని చూసి నిలదొక్కుకుంటున్న డ్రోన్‌కి ఒక్కసారిగా నేల మాయమైపోతుంది. దీనికి తోడు శ్లాబ్‌లో ఇనుప చువ్వలు, రెయిలింగ్ ఇనుము, పక్కన ఏసీ అవుట్‌డోర్ యూనిట్. వీటివల్ల కంపాస్ తప్పు దిక్కు చూపిస్తే, నిలబడాల్సిన డ్రోన్ గుండ్రంగా తిరుగుతూ జారిపోతుంది. గాలి సంగతి అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. కింద ఆకు కదలకపోయినా, పదో అంతస్తు మూల ఫ్లాట్లో ఆరేసిన దుప్పటి క్లిప్పులతో సహా ఎగిరిపోతుంది. గోడకి కొట్టుకున్న గాలి సుడి తిరుగుతుంది. రెక్కలు పైశ్లాబ్‌కి మరీ దగ్గరైతే డ్రోన్ దానంతటదే పైకి లాక్కుపోతుంది కూడా. ఇక మన బాల్కనీల సొంత ఆస్తులు ఉండనే ఉన్నాయి: పావురాల వల, బట్టల తీగ, కేబుల్ వైరు, సంక్రాంతి వెళ్లాక కూడా వేలాడే మాంజా. అడ్డంకులు పసిగట్టే సెన్సర్లకి గోడ కనిపిస్తుంది. సన్నటి నైలాన్ దారం కనిపిస్తుందన్న నమ్మకం లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఉద్యోగం ఇచ్చే కుర్చీలో మేముంటే ముందు ఇదే అడుగుతాం: రిమోట్‌కి, డ్రోన్‌కి మధ్య సిగ్నల్ తెగిపోతే ఏమవుతుంది? సెట్టింగుల్లో సాధారణంగా మూడు దారులుంటాయి. ఉన్నచోటే గాల్లో ఆగడం, ఉన్నచోటే కిందికి దిగడం, ఇంటికి తిరిగి రావడం. మైదానంలో ఈ మూడింట్లో ఏదో ఒకటి మిమ్మల్ని కాపాడుతుంది. బాల్కనీలో నిలబడి ఒక్కొక్కటీ ఊహించండి. గాల్లో ఆగితే, సిగ్నల్ తిరిగి కలవకపోతే, బ్యాటరీ అయ్యేదాకా ఆగుతుంది. ఆ తర్వాత? ఉన్నచోటే దిగితే కింద రోడ్డో, పక్కింటి రేకుల షెడ్డో, ట్రాన్స్‌ఫార్మరో. ఇంటికి రమ్మంటే ముందు నిర్ణీత ఎత్తుకి లేస్తుంది. మీ బాల్కనీ పక్కనే ఉంటే పైవాళ్ల బాల్కనీ అంచుకి కొట్టుకుంటుంది. లేదంటే ఇందాకటి ఆ చుక్క మీద దిగుతుంది. మూడు దారుల్లో ఒక్కటీ మంచిది కాదు. పైగా అక్కడ సిగ్నల్ తెగడం అరుదేం కాదు. బిల్డింగ్ మూల తిరిగినా, టెర్రస్ దాటి వెనక్కి వెళ్లినా మధ్యలో కాంక్రీటు అడ్డొస్తుంది. ప్రతి ఫ్లాట్లో ఒక వైఫై రూటర్ ఎలాగూ ఉంది.

ఎత్తు లెక్క కూడా చాలామంది తప్పుతారు. స్క్రీన్ మీద కనిపించే ఎత్తు మీరు ఎగరేసిన చోటునుంచి లెక్క. బాల్కనీలో అది సున్నా. కాని పన్నెండో అంతస్తు బాల్కనీ నేలకి ఇంచుమించు 36 మీటర్ల పైన ఉంటుంది. స్క్రీన్ 100 మీటర్లు చూపిస్తున్నప్పుడు కింది నేలనుంచి మీ డ్రోన్ 136 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు. గ్రీన్ జోన్లో అనుమతి లేకుండా ఎగరదగ్గ హద్దు 400 అడుగులు, అంటే 120 మీటర్లు. మీరు హద్దు దాటినట్టు మీ స్క్రీనే మీకు చెప్పదు.

రూల్స్ మాట వచ్చింది కాబట్టి క్లుప్తంగా. డ్రోన్ రూల్స్–2021 ప్రకారం 250 గ్రాముల లోపువి నానో, అక్కణ్నుంచి 2 కిలోల వరకు మైక్రో. నానోకి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోకి సరదాగా ఎగరేస్తే అక్కర్లేదు, డబ్బులు తీసుకుని పెళ్లి షూట్‌కి ఎగరేస్తే కావాలి. ‘నాది 249 గ్రాములే, నాకే రూలూ లేదు’ అని ఫ్రెండ్స్ దగ్గర అనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: జోన్ల నిబంధన నానోకి కూడా వర్తిస్తుంది. విమానాశ్రయం సరిహద్దుకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య గ్రీన్ జోన్ 200 అడుగుల వరకే. అంతకంటే దగ్గరైతే అనుమతి తప్పనిసరి. కోచింగ్ కోసం అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉన్నవాళ్లు బేగంపేట విమానాశ్రయం ఎంత దూరమో ఒకసారి చూసుకోండి. ‘అక్కడ ఇప్పుడు ఫ్లైట్లు లేవు కదా’ అనే మాట చెల్లదు. ప్రయాణికుల విమానాలు 2008లో శంషాబాద్‌కి మారాయి గాని, బేగంపేటలో విమానాల రాకపోకలు ఆగలేదు. విశాఖలో నేవీ స్థావరాల సంగతి వేరే చెప్పాలా? నిబంధన ఉల్లంఘిస్తే జరిమానా లక్ష రూపాయల వరకు ఉండొచ్చు.

250 గ్రాములు చిన్న బరువేం కాదు. పదో అంతస్తు ఎత్తు నుంచి పడే వస్తువు, గాలి అడ్డు లేదనుకుంటే, నేలకి చేరేసరికి గంటకి 87 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. గాలి దాన్ని కొంత తగ్గించినా, కింద హెల్మెట్ పెట్టుకుని ఎవరూ నడవరు.

జరిమానా కన్నా మీకు పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. డ్రోన్ కెమెరా ఎటు తిరిగి ఉందో మీకు తెలుసు, ఎదురు బ్లాకులో ఉండే ఆంటీకి తెలియదు. ఆవిడకి కనిపించేది తన బెడ్రూమ్ కిటికీ ముందు ఆగిన ఓ యంత్రం, అంతే. ఏకాంతంలో ఉన్న మహిళని చాటుగా చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల వరకు జైలు. మీ ఉద్దేశం అది కాదని చివరికి తేలవచ్చు. అది తేలేలోగా మీ ఫోను, మెమరీ కార్డు స్టేషన్లో ఉంటాయి. ప్రభుత్వ ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ ఫారంలో ‘మీ మీద ఏవైనా కేసులున్నాయా’ అనే గడి ఉంటుంది. ముప్పై సెకన్ల రీల్ కోసం ఆ గడి నింపే పరిస్థితి తెచ్చుకోవాలా?

అపార్ట్‌మెంట్ల దగ్గర డ్రోన్లు ఎగరనే కూడదని మేం అనడం లేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు, పడవలు వెళ్లలేని చోట్లకి ఆహారం, నీళ్లు, మందులు డ్రోన్లే చేరవేశాయి. ఇళ్ల మధ్య, వైర్ల మధ్య, జనం మీదుగా ఎగరాల్సిన పని అది. అలాంటి పని చెయ్యగలిగే పైలట్ కావాలనుకుంటే, ఆ చెయ్యి తిరగాల్సింది ఖాళీ స్థలంలో. తప్పు జరిగితే గడ్డిలో పడాలి, మనిషి మీద కాదు.

ఎలా అంటారా? ముందు కంప్యూటర్లో సిమ్యులేటర్. క్రాష్ అయినా ఖర్చు లేదు. తర్వాత పొద్దున్నే కాలేజీ గ్రౌండ్, ప్రిన్సిపల్ గారి అనుమతితో, జోన్ మ్యాప్ చూసుకుని. డ్రోన్ ముక్కు మీ వైపు తిప్పి నిలబెట్టడం నేర్చుకోండి. అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే. నేలమీద మీటర్ చదరపు గడి గీసి, ‘రిటర్న్ టు హోమ్’ ముట్టుకోకుండా చేత్తోనే అందులో దించండి. పదిసార్లలో ఎన్నిసార్లు గడి లోపల పడిందో పుస్తకంలో రాయండి, ఆ రోజు గాలి ఎంతుందో కూడా. ఇంటర్వ్యూలో రీల్ బదులు ఈ పుస్తకం చూపించండి. టెర్రస్ పర్లేదా అని కొందరు అడుగుతారు. ఆకాశం కనిపిస్తుంది కాబట్టి బాల్కనీ కన్నా నయం. కాని ఎత్తు లెక్క, కింద జనం, పక్కింటి కిటికీ అక్కడా అలాగే ఉంటాయి.

సర్టిఫికెట్ కావాలంటే 18 ఏళ్లు నిండి ఉండాలి, పదో తరగతి పాసై ఉండాలి, డీజీసీఏ గుర్తించిన సంస్థలోనే శిక్షణ తీసుకోవాలి. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. పొలాల్లో మందు పిచికారీ, భూముల సర్వే, టవర్ల తనిఖీ లాంటి పనులకి దారి అక్కణ్నుంచే. ‘వారంలో పైలట్, వెంటనే ఉద్యోగం’ అని గోడల మీద అంటించే శిక్షణ కేంద్రాలకి ఫీజు కట్టే ముందు, డీజీసీఏ జాబితాలో ఆ పేరుందో లేదో చూడండి. ఎవరికి వారు విడిగా ఎన్ని గంటలు ఎగరేయనిస్తారో, ఏ డ్రోన్ మీద నేర్పిస్తారో అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.