అభిమాని రాతకు అభ్యర్థి జవాబుదారీ కాడా?

2024 మే 13న మా రాష్ట్రంలో పోలింగు. దానికి ముందు వచ్చిన శుక్రవారం ఉదయం మా పట్టణంలో ఒక వీడియో ఫోన్ నుంచి ఫోన్‌కు పాకింది. ఖబరస్థాన్ ప్రహరీని చూపించి, ప్రభుత్వ స్థలాన్ని ఆక్రమించి కట్టిన గోడ ఇదంటూ వ్యాఖ్యానం. ఆ గోడ వక్ఫ్ రికార్డులోని హద్దు మీదే ఉన్నదని ఊరిలో ఎరుగనివారు లేరు. వీడియో చివర ఒక అభ్యర్థి చిత్రం, ఆయన గుర్తు, కింద 'యువసేన' అన్న పేరు.

జుమా నమాజు ముగిశాక నలుగురు పెద్దలతో కలిసి మేమూ ఆ అభ్యర్థి ఇంటికి వెళ్లాము. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించారు. "సాయిబు గారూ, అది నా పేజీ కాదండీ. ఎవరో కుర్రాళ్లు అభిమానంతో పెట్టుకున్నారు, నాకేం సంబంధం?" అన్నారు. "ఆ మాటే మీ పేజీలో రెండు వాక్యాలు రాయండి" అని అడిగాము. చూద్దామన్నారు. పోలింగు ముగిసింది, ఆ రెండు వాక్యాలు రాలేదు.

ఈ 'నాకేం సంబంధం' చట్టంలో ఎక్కడ తలదాచుకుంటున్నదో, జీవితమంతా ఫైళ్లు తిప్పిన గుమాస్తా అలవాటు చొప్పున వెదికాము. ఎన్నికల సంఘం 2013 అక్టోబరు 25న సామాజిక మాధ్యమాలపై ఆదేశాలు జారీ చేసింది. బ్లాగులు, ట్విట్టర్, యూట్యూబ్, ఫేస్‌బుక్ అన్నీ అందులో ఉన్నాయి. అభ్యర్థి తన ఖాతాల వివరాలను ఫారం 26 అఫిడవిట్‌లో చూపాలి. ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ పొందాలి. కంటెంట్ తయారీకి, దానిని నడిపే సిబ్బంది జీతాలకు అయిన ఖర్చును ఎన్నికల వ్యయంలో కలపాలి. అయితే సొంత బ్లాగులో, సొంత ఖాతాలో పెట్టుకున్న రాత ప్రకటన కిందకు రాదని సంఘమే తరువాత వివరణ ఇచ్చింది. ఇక అభ్యర్థి, పార్టీ కాక ఇతరులు పెట్టే రాతల సంగతి? మంత్రిత్వ శాఖతో సంప్రదించి పరిశీలిస్తున్నామని ఆ ఆదేశాలలోనే ఉన్నది. 'పరిశీలనలో ఉన్నది' అన్న వాక్యం ఫైలులో ఎంతకాలం నిద్రించగలదో మా వంటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2024 మే 6న, నకిలీ కంటెంట్ తమ దృష్టికి వచ్చిన మూడు గంటలలో తొలగించాలని సంఘం ఆదేశించింది. ఆ ఆదేశం పార్టీలకు. 'యువసేన' పార్టీ కాదు, అభ్యర్థి కాదు, అఫిడవిట్‌లో లేదు.

దీనికి పోలిక పాత కాలంలోనే ఉన్నది. కన్వర్‌లాల్ గుప్తా కేసులో 1974లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది ఖర్చు ప్రశ్న. పార్టీ గాని, మద్దతుదారులు గాని చేసిన ఖర్చు వల్ల అభ్యర్థి తెలిసి లబ్ధి పొంది, దానిని కాదనకుండా ఊరుకుంటే, ఆయన అనుమతించినట్టే భావించవచ్చునని కోర్టు చెప్పింది. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి, అటువంటి ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదని రాసుకున్నారు. 2003లో ఆ వెసులుబాటును చాలావరకు కుదించారు. ఖర్చు గురించి చెప్పిన ఆ న్యాయం రాతకు ఎందుకు వర్తించకూడదు? మేము అడిగేది కొత్త చట్టం కాదు. తన పేరుతో, తన గుర్తుతో వెలువడిన విషపు రాతను అభ్యర్థి అదే రోజున, అఫిడవిట్‌లో చూపిన ఖాతాలోనే, తనది కాదని ప్రకటించాలి. ప్రకటించకపోతే అది ఆయనదే.

మన వైపు చూసుకుంటే తల దించుకోవలసినదీ ఉన్నది. ఆ వీడియో మాకు ముందుగా చేరింది మా బంధువుల గ్రూపు నుంచే. "చూశారా ఎంత అన్యాయమో" అంటూ మనవారే ఒకరికొకరు పంపుకున్నారు. గోడ సంగతి తెలియని పొరుగు వీధులకు దానిని మోసినవారిలో మనమూ ఉన్నాము. ఇక రంజాన్ నెల వచ్చిందంటే టోపీ పెట్టిన నాయకుని ఇఫ్తార్ దృశ్యాలకు పాటలు కలిపి రీల్స్ చేసేది మన పిల్లలే. రాత్రులు మేల్కొని చేసే ఆ చాకిరీకి జీతం లేదు, ఏ వ్యయపట్టికలోనూ లెక్క లేదు. ఆ అభ్యర్థి మన బస్తీ ఉర్దూ పాఠశాలలో టీచరు ఖాళీ గురించి ఏమన్నారని అడిగితే మాత్రం పిల్లలు మా ముఖం చూస్తారు.

వచ్చే ఎన్నికలకు మా మసీదు కమిటీ ఒక నోటుపుస్తకం తెరిచింది. ఇటువంటి రాత కనబడితే దానిని ఎవరికీ పంపరాదు. లింకు, తేదీ, సమయం రాసుకుని స్క్రీన్‌షాట్ దాచాలి. ఆ రోజే అభ్యర్థికి లేఖ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ప్రతిని రిటర్నింగ్ అధికారికి ఇవ్వాలి. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడాన్ని ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123 అవినీతికర చర్యగా చెబుతుంది. ఇతరులు చేసినప్పుడు అభ్యర్థి సమ్మతి ఉన్నదా అన్నదే అక్కడ ప్రశ్న. సంతకం ఉన్న కాగితంతో సమ్మతి రుజువు కాకపోవచ్చు. తెలియదన్న మాట మాత్రం చెల్లదు. మేము టీ తాగి వచ్చామే తప్ప కాగితం ఇవ్వలేదు. ముప్పై ఏళ్ల గుమాస్తాగిరీ చేసి కూడా!

ఆ పేజీ ఇప్పటికీ నడుస్తున్నది. మొన్న బక్రీద్‌కు దాని నుంచి మాకు శుభాకాంక్షలు వచ్చాయి.