మట్టే కదా అంటే కుదరదు

"మట్టే కదా, గుప్పెడు తీసుకుంటే మీకేం పోయింది?" కొండల్లోకి సీసాలు, ప్లాస్టిక్ సంచులు పట్టుకొచ్చేవాళ్లు మమ్మల్ని అడిగే మాట ఇది. ఈ మాటైనా మేము అడ్డం వెళ్తేనే వస్తుంది. లేకపోతే పోడు గట్టు మీద, వాగు ఒడ్డున, దేవత ఉన్న చెట్టు మొదట్లో జానెడు లోతు తవ్వి, ఐసు పెట్టెలో పెట్టుకొని, అక్షాంశం రేఖాంశం ఫోనులో ఎక్కించుకొని దిగిపోతారు. ఊరి పేరు అడిగితే గొప్ప.

ఆ గుప్పెట్లో ఏముందో మనవాళ్లకు ముందు తెలియాలి. ఒక్క గ్రాము మట్టిలో కోట్లాది బ్యాక్టీరియా ఉంటాయి, వేల రకాలవి. వీటిలో ప్రయోగశాల గాజు పళ్లెంలో పెరిగేవి నూటికి ఒకటి ఉంటే ఎక్కువ. మిగతావాటిని చూడ్డానికి చాలాకాలం దారి లేదు. తర్వాత వాటిని పెంచే ప్రయత్నం పక్కన పెట్టి, మట్టి నుంచి నేరుగా డిఎన్‌ఎ లాగడం నేర్చుకున్నారు. మట్టిలో సబ్బులాంటి రసాయనం పోసి, సన్నటి గాజు పూసలు వేసి గట్టిగా కుదుపుతారు. సూక్ష్మజీవుల గోడలు పగిలి లోపలిది బయటికొస్తుంది. దాన్ని శుభ్రం చేసి ఆల్కహాలుతో విడదీస్తారు. బడిలో అరటిపండు, ఉప్పు, సబ్బునీళ్లు, స్పిరిట్‌తో మేము పిల్లలకు చూపించే తెల్లటి పోగులు కూడా డిఎన్‌ఎ పోగులే. మట్టితో మాత్రం అంత సులువు కాదు. డిఎన్‌ఎతో పాటు గోధుమరంగు హ్యూమిక్ ఆమ్లాలు అంటుకొని వస్తాయి, తర్వాతి పరీక్షలను పాడుచేస్తాయి. వాటిని వదిలించడానికే వాళ్లకు సగం తంటా. ఆ రంగు ఎక్కడిది? రాలిన ఆకు, కుళ్లిన వేరు, ఏళ్ల తరబడి మేము నరకకుండా, తగలబెట్టకుండా వదిలేసిన అడవి. వాళ్ల పుస్తకాల్లో దాన్ని మలినం అని రాస్తారు.

గుప్పెడు మట్టి విలువ ఎంతో తెలియాలంటే పసిఫిక్ సముద్రంలో రాపా నుయి అనే దీవి సంగతి చూడాలి. ఈస్టర్ దీవి అని తెల్లవాళ్లు పెట్టిన పేరు. 1964లో కెనడా నుంచి వైద్య బృందం అక్కడికి వెళ్లింది. అక్కడి జనం చెప్పుల్లేకుండా తిరుగుతున్నా ధనుర్వాతం ఎందుకు రావడం లేదని ఒక సూక్ష్మజీవ శాస్త్రవేత్తకు అనుమానం వచ్చి, దీవిని ముక్కలుగా విభజించి మట్టి సేకరించాడు. ఆ మట్టిలో దొరికిన ఒక స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా నుంచి 1970ల్లో మాంట్రియల్‌లోని ఒక కంపెనీ ప్రయోగశాల రాపామైసిన్ అనే పదార్థం తీసింది. 1999లో అమెరికాలో అది మూత్రపిండాల మార్పిడి రోగులకు మందుగా అనుమతి పొందింది. తర్వాత గుండె స్టెంట్లకు పూశారు, క్యాన్సర్ మందులకు దారి చూపింది. దీవి పేరు మందు పేరులో మిగిలింది. దీవి జనం ఆ కథలో లేరు. మట్టి తవ్వేనాటికి వాళ్లకు చిలీ పౌరసత్వ హక్కులు కూడా లేవు, అవి 1966లో వచ్చాయి. వాంకోమైసిన్ కథ కూడా ఇలాగే బోర్నియో అడవి మట్టితో మొదలైంది.

ఆ మందులు బతికించిన ప్రాణాలను మేము తక్కువ చేయడం లేదు. వాంకోమైసిన్ మా పిల్లలకూ అవసరం పడుతుంది. మా తగువు వేరే.

"మీకు బ్యాక్టీరియా సంగతి తెలుసా? తెలియనిదాని మీద హక్కేమిటి?" అని చదువుకున్నవాళ్లు అంటారు. కేరళలో కాణి ఆదివాసులు అలసట పోవడానికి తినే కాయను శాస్త్రవేత్తలకు చూపించారు. దాన్నుంచి జీవని అనే మందు వచ్చింది, లైసెన్సు డబ్బులో సగం వాటా కాణివాళ్లకు అన్నారు. చూపించిన చేయి ఉంది కాబట్టి వాటా అన్నమాట. మట్టి విషయంలో చూపించిన చేయి లేదట! రాపా నుయిలో ఆ శాస్త్రవేత్తను మట్టి వైపు నడిపించింది ఎవరి కాళ్లు? సామ, కొర్ర, కంది కలిపి చల్లి, పంట తీసి, నేలకు విశ్రాంతి ఇచ్చిన కొండలో ఒక రకం జీవులుంటాయి, యూరియా తాగిన పొలంలో వేరే రకం. నేల మీద ఏం చేస్తే నేల లోపల అది మారుతుందని వాళ్ల సైన్సే చెబుతోంది. అందుకే కదా ఊరి పక్క పొలం వదిలి, రెండు గంటలు నడిచి మా కొండకే వచ్చారు.

ఇక చట్టం. 2002 జీవవైవిధ్య చట్టం సూక్ష్మజీవులను, వాటి జన్యు పదార్థాన్ని కూడా జీవ వనరులే అంది. విదేశీయులైతే చెన్నైలోని జాతీయ ప్రాధికార సంస్థ అనుమతి తీసుకోవాలి. మన దేశస్థుడు ఉత్త పరిశోధనకే అంటే ఆ అనుమతి అక్కర్లేదు. బోర్డులు నిర్ణయం చేసేటప్పుడు స్థానిక జీవవైవిధ్య కమిటీని సంప్రదించాలని ఉంది. సంప్రదించడం వేరు, ఒప్పుకోలు తీసుకోవడం వేరు. ఐదో షెడ్యూలు ప్రాంతంలో ఇసుక, కంకర లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు ఉండాలని 1996 పీసా చట్టం చెబుతుంది. లారీ కంకరకు అడగాలి, సీసా మట్టికి అక్కర్లేదు.

పెద్ద చిల్లు మరోచోట ఉంది. డిఎన్‌ఎ ఒకసారి చదివి కంప్యూటరులో అక్షరాలుగా పెట్టాక మళ్లీ మట్టితో పనిలేదు. ఆ అక్షరాలను అంతర్జాతీయ నిధిలో పెడతారు. ఎక్కడో ఉన్న కంపెనీ వాటిని దించుకొని, ఆ జన్యువును కృత్రిమంగా చేసి, మామూలు బ్యాక్టీరియాలోకి ఎక్కించి, ఎంజైమో మందో తయారు చేసుకోవచ్చు. సరిహద్దు దాటిన మట్టి లేదు, పట్టుకోవడానికి సంచి లేదు. 2024లో కొలంబియాలోని కాలి నగరంలో దేశాలన్నీ కూర్చొని దీనికోసం ఒక నిధి పెట్టాయి. లాభపడే పెద్ద కంపెనీలు కొంత వేయాలి, అందులో కనీసం సగం ఆదివాసులకు, స్థానిక జనానికి చేరాలి అన్నారు. బాగుంది. కానీ వేసి తీరాలని బలవంతం లేదు. హుండీ పెట్టి భక్తుల దయకు వదిలేశారు.

మేము సైన్సుకు అడ్డం కాదు. విజయనగరం జిల్లాలో, ములుగులో గిరిజన విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. మా మట్టి డిఎన్‌ఎ మా పిల్లలు తీయాలి, మా పిల్లలు చదవాలి. బయటివాళ్లు వస్తే గునపం దిగకముందు గ్రామసభలో, మా భాషలో, ఏం తీస్తారో ఎక్కడ దాస్తారో చెప్పాలి. వద్దంటే వెళ్లిపోవాలి. సరేనంటే ఆ వివరాలతో పాటు ఊరి పేరు, జనం పేరు కూడా నిధిలో ఎక్కాలి, ఫలితం కాగితం ఊరికి తిరిగి రావాలి, లాభం వస్తే వాటా రాతపూర్వకంగా ఉండాలి.

ఈలోగా మనవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊరి వనరులు ఎవరు తీసుకెళ్లారో రాసే పుస్తకం దాని దగ్గర ఉండాలి. కమిటీ సభ్యులెవరో మీ ఊళ్లో అడగండి. కొన్నిచోట్ల సభ్యులకే తాము సభ్యులమని తెలియదు. దొరికితే ఆ పుస్తకం తెరిపించి, పోయిన ఏడాది వచ్చిన సీసాల వాళ్ల పేర్లు అందులో ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఈ వచ్చే గ్రామసభలో మీరే రాయించండి.